నవంబరు 1కి మరో చరిత్ర కూడా ఉంది

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 1 రాగానే మన పత్రికలన్నీ 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన సందర్భాన్ని తలచుకుంటాయి. అది సముచితమే. అయితే అంతకు రెండేళ్ల ముందు, 1954లో సరిగ్గా అదే తేదీన పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు మన తెలుగు యానాం పాలన కూడా ఫ్రాన్సు చేతి నుంచి భారత ప్రభుత్వానికి వచ్చిందన్న సంగతి ఎక్కడా కనబడదు. ఒకవేళ కనబడినా, ఫ్రెంచివారు తమంతట తామే మర్యాదగా అప్పగించి వెళ్లిపోయినట్లు రాస్తున్నారు. నా అభ్యంతరం ముఖ్యంగా దీని మీదే.

పుదుచ్చేరి రేవును 1693లో డచ్చివారు పట్టుకున్నారు. 1761లో ఆంగ్లేయులు పట్నాన్ని నేలమట్టం చేశారు. 1814 నాటి పారిస్ ఒప్పందంతో అది తిరిగి ఫ్రాన్సు పరమైంది. ఇన్నిసార్లు చేతులు మారినా అక్కడి జనాన్ని అడిగినవారు లేరు. 1936 జూలై 30న సమ్మెలో ఉన్న మిల్లు కార్మికులపై కాల్పులు జరిగి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వి. సుబ్బయ్య వంటి నాయకుల వెంట సాగిన ఆ పోరాటం వల్లనే మరుసటి ఏడాది అక్కడ 8 గంటల పనిదినం చట్టమైంది. విమోచన కథను ఇక్కడి నుంచి మొదలుపెట్టకపోతే అది సగం కథే అవుతుంది.

ఇక యానాం సంగతి. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం వచ్చాక, అలాంటి పెళ్లిళ్లు జరిపించడానికి చుట్టుపక్కల బ్రిటిషు గ్రామాల నుంచి పెళ్లివారు తరలివచ్చేవారని, అందుకే దానికి కల్యాణపురమని పేరు వచ్చిందని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏరు దాటితే వేరే దేశం, వేరే చట్టం. ఆ ఊళ్లో 1954 జూన్ 13న, ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు శాఖలోనే పనిచేసిన దడాల రఫేల్ రమణయ్య ముందు నడవగా జనం పాలనా కార్యాలయాన్ని స్వాధీనం చేసుకున్నారు. జూలైలో మాహే కూడా అదే బాట పట్టింది. ఆ తరువాతనే, అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేయగా 170 మంది విలీనాన్ని సమర్థించారు. మే నెలలో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఓడిన ఫ్రాన్సుకు ఇక్కడ మరో తగవు పెట్టుకునే ఓపిక లేకపోయిన మాట నిజమే గాని, ఆ అదను కోసం ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నవారు ఇక్కడివారే.

నవంబరు 1తోనూ అంతా ముగియలేదు. విలీన ఒప్పందంపై 1956 మే 28న సంతకాలు జరిగినా, తన ఏలుబడిలోని అల్జీరియాలో ఫ్రాన్సు చేస్తున్న యుద్ధం ముగిసేవరకూ ఫ్రెంచి పార్లమెంటు దానిని ఆమోదించలేదు. 1962 ఆగస్టు 16న గాని అది అమలులోకి రాలేదు. పాలన మనదైనా దాదాపు ఎనిమిదేళ్ల పాటు చట్టం దృష్టిలో ఆ నేల ఫ్రాన్సుదే. ఆపైన, ఫ్రెంచి పౌరసత్వం కోరుకునేవారు ఆరు నెలల్లోగా రాసి ఇవ్వవలసి వచ్చింది. ఏ దేశస్థులుగా ఉండాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన ఆ ఆరు నెలల గురించి తెలుగులో వచ్చినది బహు తక్కువ.

1954లో యువకులుగా ఉన్నవారు నేడు తొంభై ఏళ్ల చేరువలోనో, ఆపైనో ఉంటారు. మీ విలేకరులను యానాం పంపి, జ్ఞాపకం ఉన్నవారి మాటలను వారి పలుకుబడిలోనే నమోదు చేయించి, ఈ నవంబరు 1 సంచికలో ఆంధ్రప్రదేశ్ అవతరణ వ్యాసాల పక్కనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ