పిల్లల కంటే ముందు టీచర్‌ను ఆ బడికి పంపండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను వరంగల్లో మహిళా సంఘం తరఫున సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుడుతుంటాను. జతకు 50 రూపాయలున్న కూలి 2024లో 75 అయింది, ఆ 75 ఎప్పుడు చేతికొస్తుందనే ముచ్చట ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు రాసేది మా బడి పరిధి గొడవ గురించి. మా ప్రైమరీ బడిలో పిల్లలు పట్టడం లేదని, రైలు పట్టాల పక్కనున్న మా నాలుగు గల్లీల ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలను వచ్చే ఏడాది నుంచి పట్టాల అవతలి బడికి మారుస్తామంటున్నారు. పోయిన శనివారం దీని మీద బడిలో మీటింగ్ పెడితే చివరికి అరుపులే మిగిలాయి.

బడి కిక్కిరిసిందన్న మాట అబద్ధం కాదు. పిల్లల కొలతలు తీసేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. ఈసారి మా బడి బట్టలు ఆటోలో రెండు ట్రిప్పులు వేశాం. అవతలి బడివి నా స్కూటీ ముందు ఒక్క సంచిలో పట్టాయి, అక్కడున్నది 19 మంది. మా దగ్గర ఒక్క మూడో తరగతిలోనే 58 మంది! ఏప్రిల్‌లో టేపు పట్టుకుని ఆ గదిలోకి పోతే కాలు పెట్టే సందు లేదు, గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల బయటికి రావాలంటే ముందు నలుగురు లేవాలి. ఒకటో తరగతి, రెండో తరగతి వరండాలోనే, మధ్యలో ఒక పాత బీరువా అడ్డం. అటు టీచర్ రెండో ఎక్కం చెప్పిస్తుంటే ఇటు అఆలు దిద్దే పిల్లలు పలకలు పక్కన పెట్టి "రెండు మూళ్లు ఆరు" అని అందుకున్నారు, నాకూ నవ్వొచ్చింది గానీ ఆ టీచరమ్మ మొహం చూశాక ఆగిపోయింది. వాన జల్లు కొడితే వరండా పిల్లలంతా సంచులు నెత్తిన పెట్టుకుని ఆ 58 మంది ఉన్న గదిలోకే ఉరుకుతారు. పోనీ ఇంకో గది కడదామంటే జాగ లేదు, ఉన్న కాస్త ఖాళీలో కడితే ప్రేయర్‌కు రోడ్డు మీద నిలబడాల్సిందే.

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక, ప్రైవేటు ఫీజులు కట్టలేనివాళ్లు చాలామంది ఇటే వచ్చారు, పనికని పల్లెల నుంచి వచ్చి మా దగ్గర కిరాయికి ఉండేవాళ్లు సరేసరి. వచ్చినందుకు సంతోషమే. కానీ ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్ ఉండాలని 2009 విద్యా హక్కు చట్టమే చెబుతోంది. కాబట్టి కొందరు పిల్లలు వేరే బడికి పోక తప్పదు, బడి పరిధి గీత మార్చొద్దని నేను అనడం లేదు.

మరి నాలుగు గదులున్న అవతలి బడికి 19 మందే ఎందుకు పోతున్నారన్నది మీటింగులో ఎవరూ అడగలేదు. అక్కడికి ఇద్దరు టీచర్ల పోస్టులున్నాయి. మా బడిలో పిల్లలు ఎక్కువయ్యారని అందులో ఒకరిని డిప్యుటేషన్ మీద, అంటే పోస్టు అక్కడే ఉంచి తాత్కాలికంగా, ఇక్కడికి తెచ్చారు. ఇక అక్కడ మిగిలింది ఒక్కరే, ఆ ఒక్కరికీ మీటింగో ట్రైనింగో ఉన్న రోజు బడికి దాదాపు సెలవే. ఇది చూసి అక్కడి తల్లిదండ్రులు పిల్లల్ని తెచ్చి ఇక్కడ చేర్పించారు, ఇక్కడ ఇంకా ఇరుకైంది, ఇంకా ఇరుకైందని ఇప్పుడు మా పిల్లల్ని అక్కడికి పొమ్మంటున్నారు. అంటే టీచర్ ఇక్కడ, పిల్లలు అక్కడ. ఈ లెక్క ఎవరు వేశారో గానీ, మా సంఘంలో చిట్టీ లెక్క కూడా ఇంతకంటే జాగ్రత్తగా రాస్తాం.

ఇంకో మాట, ఇది మావాళ్లకు నచ్చదు. మీటింగులో పైకి అందరూ దూరం, రైలు అంటూ మాట్లాడారు. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే మాత్రం మా పక్కింటామె "గుడిసెలోళ్ల పిల్లలతోని మన పిల్లల్ని కూసోబెడుతమా అక్కా" అంది. ఆమె మామ కూడా ఒకప్పుడు గుడిసెలోనే ఉన్నాడు, ఆ గుడిసె నేను చూశాను. అవతలి బడి పిల్లలకు కుట్టేదీ అదే బట్ట, అదే రంగు, కొలతల్లో కూడా పెద్ద తేడా ఏమీ ఉండదు. ఈ కారణాన్ని దూరం పేరు చెప్పి దాచుకోవద్దని మా కాలనీవాళ్లకు చెబుతున్నాను, నిజంగా దూరం సంగతి ఉంది కాబట్టి మరీ చెబుతున్నాను.

మ్యాప్‌లో చూస్తే ఆ బడి మా ఇంటికి అర కిలోమీటరు కూడా ఉండదు. గీత గీసినవాళ్లు మ్యాపే చూసి ఉంటారు. నేను ఆదివారం మా పిల్లను వెంటబెట్టుకుని నడిచాను. అండర్‌బ్రిడ్జి కింద నుంచి తిరిగిపోతే 24 నిమిషాలు పట్టింది, మధ్యలో అది రెండుసార్లు ఎత్తుకోమంది. పట్టాలు దాటితే ఆరు నిమిషాలే, పెద్దలంతా దాటేది అటే, రేపు పిల్లలూ అటే దాటుతారు. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైను అది, ఢిల్లీ, చెన్నై బండ్లన్నీ ఈ దారినే పోతాయి. ఇక మన వరంగల్లో గట్టి వాన పడితే అండర్‌బ్రిడ్జిల కింద ఏమవుతుందో మీ పేపర్లోనే ఫొటోలు వేస్తారు, 2023 జులై వరద ఎవరూ మర్చిపోలేదు. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు బడి కిలోమీటరులోపు ఉండాలన్నది నిబంధన. దారిలో వరద భయం, చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలని 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఉంది. కాబట్టి దయచేసి గీత గీసే సారు ఒక్కసారి ఆరేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని ఆ దారిలో నడవాలి, వీలైతే వాన పడ్డ మర్నాడు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ముందు ఆ డిప్యుటేషన్ రద్దు చేసి, జూన్‌లో బడి తెరిచే రోజుకే ఇద్దరు టీచర్లనూ అక్కడ ఉంచండి. మార్పు కొత్తగా ఒకటో తరగతిలో చేరేవాళ్లతో మొదలుపెట్టండి, చదువుతున్నవాళ్లను మధ్యలో లేపొద్దు. మా పెద్దోడు నాలుగో తరగతి, చిన్నది ఒకటి, ఇప్పుడు వాడే దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నాడు. ఈ గీత ప్రకారం వచ్చే ఏడాది వాడు ఇటు, అది అటు. నేను మెషీన్ ఆపి ఎవరి వెంట పోవాలి? అన్నాచెల్లెళ్లను విడదీయకండి. బడి దూరమైన పిల్లలకు సమగ్ర శిక్షా పథకం కింద రవాణా భత్యం ఇచ్చే పద్ధతి ఉంది, మా గల్లీలకు అది ఇప్పిస్తే నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకుంటాం.

వచ్చే ఏప్రిల్‌లో కొలతలకు మళ్లీ ఆ బడికి పోతాను. అప్పటికి ఇద్దరు టీచర్లూ అక్కడ కనిపిస్తే, ఆటో సంగతి తేలితే, పక్కింటామె ఏమన్నా సరే, అన్నాచెల్లెళ్లిద్దరి కొలతలూ ఆ బడి కాగితంలోనే రాసుకుంటాను.

ఇట్లు,
బడి బట్టలు కుట్టే ఒక తల్లి,
వరంగల్