మా కోడిపిల్లలను రక్తపారుడు జబ్బు నుంచి గట్టెక్కించిన వారికి కృతజ్ఞతలు

విజయవాడకు చేరువలో, కంకిపాడు ప్రాంతంలో మా మహిళా సంఘం పెంచుతున్న వనరాజా కోడిపిల్లలకు ఈ ముసురు రోజుల్లో రక్తపారుడు, అంటే పేగుల్లో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే కాక్సీడియోసిస్, సోకినప్పుడు మాకు అండగా నిలిచిన వారందరికీ సభ్యులందరి తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. తమ పేర్లు రాయవద్దని వారు కోరినందువల్ల ఎవరి పేరూ ప్రస్తావించడం లేదు. అయితే వారు ఏం చేశారో, ఎందుకు అలా చేశారో వివరంగా రాస్తే కోడిపిల్లలను పెంచే మరికొందరికి పనికొస్తుంది కాబట్టి కాస్త విస్తరంగానే రాస్తున్నాను.

ఒక రోజు వయసు పిల్లలను తెచ్చి, బ్రూడర్ కింద వెచ్చగా పెంచి, టీకాలు వేయించి, ఐదారు వారాలు నిండిన తర్వాత పెరటి పెంపకానికి ఇళ్లకు ఇవ్వడం మా సంఘం పని. వనరాజా హైదరాబాద్‌లోని జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకం. ఎంత గట్టి రకమైనా మూడు నుంచి ఆరు వారాల వయసులో మాత్రం ఈ జబ్బుకు లోకువే. ముసురు పట్టి షెడ్డులో ఊక తేమ తాగిన సమయంలో కొన్ని పిల్లలు ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వాల్చి, బల్బు కింద ఒకదానిమీద ఒకటి పడి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. మేత ముట్టడం మానేశాయి. ఆ తర్వాత ఊక మీద రెట్టతోపాటు ఎర్రటి నెత్తుటి చారలు కనిపించాయి, మరణాలూ మొదలయ్యాయి.

మొదటి కృతజ్ఞత మా మండల పశువైద్యులకు. ఫోన్‌లో లక్షణాలన్నీ విన్న తర్వాత కూడా ఆయన మందు పేరు చెప్పలేదు. చనిపోయిన పిల్లను పూడ్చవద్దని, నీడలో చల్లని చోట ఉంచమని, కోసి చూడకుండా మందు రాయడం సరికాదని చెప్పి, వానలోనే స్వయంగా వచ్చారు. నీళ్ల విరేచనాలు కొక్కెర తెగులులోనూ ఉండవచ్చు, గంబోరో అనే మరో జబ్బు కూడా సరిగ్గా ఈ వయసులోనే వస్తుంది, వాటిలో ఒక్కోదానికి చేయవలసింది వేరు కాబట్టి అనుమానంతో మందు పోయకూడదన్నది ఆయన మాట. షెడ్డు బయట బల్ల మీద పిల్లను కోసి, పేగులను నిదానంగా విడదీసి, చివరన జంటగా ఉండే గుడ్డిపేగులను మాకు చూపించారు. అవి మామూలుకంటే బాగా లావుగా ఉబ్బి, పేగు గోడ గుండానే ముదురు ఎరుపు కనబడుతోంది. కత్తెరతో చీల్చగానే లోపల గడ్డకట్టిన నెత్తురు తప్ప మరేమీ లేదు. ఐమీరియా టెనెల్లా అనే పరాన్నజీవి దాడి చేసే చోటు అదేనని, ఐమీరియాలో ఇతర జాతులు చిన్నపేగు భాగాలను పట్టుకుంటాయని ఆయన వివరించారు. పేగు గోడను గీకి తీసిన నమూనాను గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు పంపించి, సూక్ష్మదర్శిని కింద కూడా నిర్ధారణ చేయించారు. నమూనాను వెంటనే చూసి ఫలితం చెప్పిన అక్కడి అధ్యాపకులకు, మా సభ్యురాలిని పిలిచి స్లయిడు చూపించి ఓపికగా వివరించిన విద్యార్థులకు ప్రత్యేకంగా ధన్యవాదాలు.

మందు విషయంలో డాక్టర్ గారు చెప్పిన ప్రతి మాటా రాసుకున్నాం. జబ్బు పడిన పిల్ల మేత మానేసినా నీళ్లు తాగుతుంది గనుక మందు నీటిలోనే ఇవ్వాలి. మాకు ఆయన ఆంప్రోలియం 20 శాతం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున మొదటి విడతగా ఐదు రోజులు, ఆ తర్వాత సగం మోతాదులో మరికొన్ని రోజులు కలపమని రాశారు. వేరే శాతంలో దొరికే పొడికి ఈ లెక్క వర్తించదని, డబ్బా మీది శాతం చూడకుండా ఎవరూ కొలవవద్దని కూడా హెచ్చరించారు. మందు నీరు ఏ రోజుకారోజు తాజాగా కలపాలి, షెడ్డులో మరో చోట మామూలు నీరు ఉండకూడదు. ఈ మందు చూడటానికి బీ1 విటమిన్‌ను పోలి ఉండటం వల్ల పరాన్నజీవి మోసపోయి, అవసరమైన విటమిన్ అందక పెరగలేకపోతుందట. అందుకే మందు నడుస్తున్నన్నాళ్లూ బీ కాంప్లెక్స్ ద్రావణాన్ని పూర్తిగా ఆపించారు. పిల్లలు నీరసించాయంటే చాలు, విటమిన్ సీసా అందుకునే అలవాటు మన పెంపకందారులందరికీ ఉంది కాబట్టి ఈ ఒక్క విషయం అందరికీ తెలియాలని గట్టిగా కోరుకుంటున్నాను. రక్తస్రావం తగ్గడానికి విటమిన్ కె, పేగు కోలుకోవడానికి విటమిన్ ఎ మాత్రం ఇప్పించారు. మామూలు యాంటీబయాటిక్‌లకు ఈ ఏకకణ జీవి లొంగదని, సల్ఫా మందులు పనిచేసినా మోతాదు మించితే మూత్రపిండాలు దెబ్బతింటాయని చెప్పారు.

ఆదివారం అయినా దుకాణం తెరిచి మందు ఇచ్చిన విజయవాడ వన్‌టౌన్ వ్యాపారికీ మా నమస్కారాలు.

ఇక మా పక్క ఊళ్లో చాలా ఏళ్లుగా బ్రాయిలర్ షెడ్డు నడుపుతున్న బాబాయి గారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. మందు సగం పని చేస్తుంది, మిగతా సగం నేల చేయాలి అంటూ ఆయన తన షెడ్డు మనుషులను వెంటబెట్టుకుని వచ్చారు. ఊకను గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిసికి, చెయ్యి తెరిచి చూపించారు: నీళ్ల తొట్ల చుట్టూ తీసినది ముద్దగా నిలిచిపోయింది, గోడ పక్కన తీసినది పొడిపొడిగా రాలిపోయింది. ఆ ముద్దకట్టిన ఊకలోనే జబ్బు బతుకుతుందని ఆయన అనుభవంతో చెప్పినదీ, డాక్టర్ గారు శాస్త్రంగా చెప్పినదీ ఒక్కటే. రెట్టతో బయటపడే తిత్తులకు (పరాన్నజీవి గుడ్ల లాంటివి) వెచ్చదనం, తేమ, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే జబ్బు అంటించే దశకు వస్తాయి. వాటిని ముక్కున పొడుచుకుని తిన్న పిల్ల దాదాపు వారంలో వేలకొద్దీ కొత్త తిత్తులను రెట్టలో వదులుతుంది. వాటి పై పెంకు ఎంత గట్టిదంటే మనం షెడ్లలో చల్లే మామూలు క్రిమిసంహారక ద్రావణాలు వాటిని ఏమీ చేయలేవు. ఎండు నేల, ఎండ వేడి మాత్రమే మనకు అందుబాటులో ఉన్న ఆయుధాలు. బాబాయి గారి మనుషులు తడి ఊకనంతా ఎత్తి దూరంగా గోతిలో వేసి, నేల మీద పొడి సున్నం చల్లి, ఎండిన కొత్త ఊక పరిచారు. నీళ్ల తొట్లను పిల్లల వీపు ఎత్తుకు లేపి కట్టారు, జల్లు కొట్టే వైపు పట్టా దించారు. ఊకను రోజూ తిరగేయడం మా సభ్యులకు నేర్పించి మరీ వెళ్లారు. చేసిన పనికి కూలి కూడా తీసుకోలేదు.

మేము కొన్ని పిల్లలను పోగొట్టుకున్నాం, ఆ బాధ ఉంది. కానీ మందు మొదలుపెట్టిన తర్వాత నెత్తుటి రెట్ట క్రమంగా తగ్గి, పిల్లలు మళ్లీ మేత తొట్ల దగ్గర తోసుకోవడం చూసినప్పుడు మా ఆడవాళ్లందరికీ ప్రాణం లేచివచ్చింది. కోలుకున్న పిల్లకు అదే జాతి ఐమీరియా మీద నిరోధకత వస్తుందని, వేరే జాతి నుంచి అది కాపాడదని డాక్టర్ గారు చెప్పారు. అందువల్ల వేర్వేరు వయసుల పిల్లలను ఇకపై ఒకే షెడ్డులో ఉంచకూడదని, పాత ఊక మీద కొత్త పిల్లలను దించకూడదని సంఘం తీర్మానించుకుంది.

కోడిపిల్లల కోసం ముందుగా డబ్బు కట్టి, ఆలస్యమైనా ఒక్క మాట అనకుండా ఓపిక పట్టిన కుటుంబాలకు కూడా రుణపడి ఉన్నాం. బరువు పుంజుకున్న పిల్లలను మాత్రమే ఇస్తాం. ప్రతి ఇంటికీ వాడిన మందు, వేసిన టీకాల వివరాలు రాసిన చీటీ కూడా ఇస్తాం. తీసుకెళ్లాక రెట్టలో నెత్తురు కనిపిస్తే పశువైద్యశాలకు గానీ పశువైద్య సాయం కోసం ఉన్న 1962 నంబరుకు గానీ వెంటనే ఫోన్ చేయండి, పిల్ల చనిపోయి ఉంటే వైద్యులు వచ్చేవరకు దాన్ని పారేయకుండా ఉంచండి.