కాపు రాని ఏళ్లకు కూడా పరిహారం కట్టాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. తుపాను వెళ్లాక ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయి, చెట్టుకు ఎంత ఇస్తారు అన్న లెక్క తేలిందంటే ఇక ఆ వార్త కనబడదు. 2025 అక్టోబరులో వచ్చిన మొంథా తుపాను తర్వాత కూడా అంతే. తోట పోయిన ఇల్లు ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎలా నెట్టుకొస్తుందో శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో మా చిన్నాన్న ఇంట్లో చూశాను. అందుకే ఈ ఉత్తరం.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలి. 2013లో ఫైలిన్‌ని, 2014లో హుద్‌హుద్‌ని తట్టుకున్న తోటలు కూడా వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో నేలకొరిగాయి. చిన్నాన్నది రెండెకరాల కొబ్బరి, మధ్యమధ్యలో జీడి. తెల్లారేసరికి నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటికీ మొవ్వులు (తలలోని లేత చిగుళ్లు) విరిగాయి. కరెంటు లేక బోరు ఆడలేదు. దాహానికి పడిన చెట్ల బొండాలే దిక్కయ్యాయి. తర్వాత జనరేటర్ తెచ్చినవాళ్లకు గంటల లెక్కన డబ్బు కట్టి ట్యాంకు నింపుకున్నారు. మా పిన్నికి అప్పటికే డయాలసిస్ నడుస్తోంది. దారి పొడవునా చెట్లు అడ్డం పడితే తమ్ముళ్లిద్దరూ ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మొద్దులు దాటుకుంటూ పెద్ద రోడ్డు దాకా మోసుకెళ్లారు.

ఇలాంటివి అప్పట్లో పేపర్లలో వచ్చాయి. రానిది ఆ తర్వాతి సంగతి. పడిన చెట్లను తోటలో వదిలేయడానికి లేదు. కుళ్లిన మొద్దుల్లో కొమ్ము పురుగు పెరిగి, బతికిన చెట్ల మొవ్వులు తొలిచేస్తుంది. తీయిద్దామంటే మిషన్ రంపానికి కూలీ, జేసీబీకి అద్దె. ఊరంతా ఒకేసారి అమ్మకానికి పెడితే కలప కొనేవాడు చెప్పిందే ధర. పరిహారం చెట్టుకు 1,500 రూపాయలన్నారు, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 3,000 చేస్తామంది. అది వచ్చేలోపే తోట శుభ్రం చేయడానికి, ఆసుపత్రి ఖర్చులకు పిన్ని పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువే. అన్నేళ్లూ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఒక తమ్ముడు చెన్నైలో బిల్డింగ్ పనులకు పోయాడు, ఇంకొకడు చదువు మధ్యలో ఆపి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. మొక్కలకు నీళ్లు పెట్టడానికి ఇంట్లో మిగిలింది అరవై దాటిన చిన్నాన్న ఒక్కరే. ఇప్పటికీ అక్టోబరు వస్తే ఆయనకు ఒకటే టెన్షన్.

చిన్నాన్నకు పట్టా అయినా ఉంది. దింపు తీసేవాళ్లకు (చెట్టెక్కి కాయలు కోసేవాళ్లకు), కాయ వలిచేవాళ్లకు, పీచు పనికి వెళ్లే ఆడవాళ్లకు ఏం ఉంది? తోటలతోపాటే వాళ్ల పనీ పోయింది. సొంత చెట్టు లేదు కాబట్టి చెట్ల లెక్కలో వాళ్ల పేరే రాదు. నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఇదే.

కొబ్బరి అభివృద్ధి బోర్డుకు చెట్ల బీమా పథకం ఒకటి ఉంది. నాలుగు నుంచి పదిహేనేళ్ల చెట్టుకు ఏడాదికి 9 రూపాయలు, పదహారు నుంచి అరవై ఏళ్ల చెట్టుకు 14 రూపాయలు ప్రీమియం. అందులో సగం బోర్డు, పావు వంతు రాష్ట్ర ప్రభుత్వం భరిస్తాయి. రైతు కట్టాల్సింది నాలుగు రూపాయల లోపే. మా ఊళ్లో నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. పెద్ద చెట్టు పడితే బీమా కింద వచ్చేది 1,750 రూపాయలే, అది చాలదు, నిజమే. అయినా తీర మండలాల్లో ప్రతి చెట్టుకూ ఈ బీమా చేయించి, రైతు వాటా కూడా ప్రభుత్వమే కడితే ఖజానా ఏమీ ఖాళీ అయిపోదు.

1996 నవంబరు తుపానుకు కోనసీమ కొబ్బరి ఎంత దెబ్బతిన్నదో పెద్దవాళ్లకు గుర్తుంది. ఆ తర్వాత కూడా పరిహారం పద్ధతి మారలేదు. మళ్లీ నాటిన తోట కాపుకు వచ్చేదాకా రైతుకు ఏటా ఎకరాకు ఇంత అని ఇవ్వాలి. మొక్కల సంరక్షణ పనిని ఉపాధి హామీలో పెట్టి, దింపు, వలుపు కూలీలకు ముందుగా ఇవ్వాలి. పడిన చెట్ల తొలగింపు ఖర్చు రైతు మీద వేయకూడదు. వచ్చే తుపాను సీజన్ మొదలవకముందే ప్రభుత్వం దీని మీద ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా