మూత తీశాకే అసలు వంట

అమ్మలూ,

బంగాళాదుంపలు ఒకసారి ముద్దయిపోయాయి, ఇంకోసారి నడుమ గట్టిగానే ఉండిపోయాయి, రెండుసార్లూ చప్పగానే ఉన్నాయి, ఈ కరెంటు ప్రెషర్ కుక్కర్ దండగ అని రాశావు. దాన్ని అప్పుడే అటకెక్కించకు. పాపం, దాని పని అది చేస్తూనే ఉంది. దుంపని ఉడికించడం వరకే దాని పని. వేయించడం, ఉప్పూ కారం పట్టించడం దానివల్ల కాదు, అవి నువ్వు చేయాలి. నువ్వేమో అన్నీ కలిపి గిన్నెలో పడేసి, మూత బిగించి, మీట నొక్కి వెళ్లిపోయావు. ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అంటూ సగంలోనే పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ గిన్నెలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎంత మంట పెట్టినా అక్కడితో సరి. మూత బిగించి ఆవిరిని బయటికి పోనివ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి, నీళ్లు మరిగే వేడి కూడా పెరుగుతుంది. పొయ్యి మీద పెట్టే ప్రెషర్ కుక్కర్లో చదరపు అంగుళానికి దాదాపు 15 పౌన్ల అదనపు ఒత్తిడి ఉంటుంది, అంటే లోపల 121 డిగ్రీల వేడి. కరెంటు కుక్కర్లు చాలావరకు 10 నుంచి 12 పౌన్ల దగ్గరే ఆగుతాయి, వేడి 115 డిగ్రీలు కాస్త దాటుతుంది. అందుకని పొయ్యి కుక్కర్ లెక్కలు దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోవు. దీనికి విజిల్ కూడా రాదు, లెక్కంతా నిమిషాల్లోనే.

ఈ యంత్రం మూలపురుషుడు దెనీ పపాఁ అనే ఫ్రెంచివాడు. 1679లో లండన్‌లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం వాళ్లకి తన గిన్నెని చూపించాడు. దాని ముఖ్యమైన పని ఎముకల్ని మెత్తబరచడం! అలాంటి గిన్నెకి బంగాళాదుంప ఒక లెక్కా? దీంతో దుంప ఉడుకుతుందా అన్న బెంగ అక్కర్లేదు. ఎక్కడ ఆపాలన్నదే చూసుకోవాలి.

నీ దుంపలు ముద్దెందుకయ్యాయో చెప్తాను. అవి మునిగేదాకా నీళ్లు పోశావు. నువ్వు 5 నిమిషాలని నొక్కితే, ఆ లెక్క నొక్కిన క్షణం నుంచి మొదలవదు. నీళ్లు కాగి, ఆవిరి నిండి, లోపల ఒత్తిడి పూర్తిగా చేరాకే గడియారం కదులుతుంది. దానికి మామూలుగానే పది నిమిషాల దాకా పడుతుంది. నీళ్లు ఎంత ఎక్కువ పోస్తే అంత ఆలస్యం, ఆ ఆలస్యమంతా దుంపలు ఉడుకుతూనే ఉంటాయి. దుంపలోని పిండి 60 డిగ్రీల చుట్టుపక్కలే నీళ్లు పీల్చి ఉబ్బడం మొదలుపెడుతుంది. అంటే గడియారం కదిలేసరికే సగం పని అయిపోయింది. చాలనట్టు, టైమైపోయాక కుక్కర్ దానంతటదే వేడిగా ఉంచే మోడ్‌లోకి వెళ్లిపోతుంది. నువ్వు తీరిగ్గా వచ్చి మూత తీసేసరికి ఇంకేం మిగులుతుంది?

కాబట్టి నీళ్లు ఒక్క కప్పు చాలు, 240 మిల్లీలీటర్లు. నీ కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో కనీసం ఇంత పోయాలని వేరే కొలత ఉంటే అదే పాటించు, పెద్ద సైజు వాటికి కొంచెం ఎక్కువ కావాలి. ఆ నీళ్లలో స్టాండ్ పెట్టి, దాని మీద చిల్లుల బుట్టలో దుంపలు పెట్టు. దుంపలకి నీళ్లు తగలక్కర్లేదు, ఆవిరే ఉడికిస్తుంది. దుంపలో ఉండే సి విటమిన్ నీళ్లలోకి దిగి పారబోతల్లో పోవడమూ తగ్గుతుంది.

దుంపలు కొనేటప్పుడు రెండు చూడు. తొక్క పలచగా, కోస్తే లోపల జిగటగా తడిగా ఉండే రకం ఉడికినా ఆకారం నిలుస్తుంది, వేయించడానికి అదే వాటం. పిండి ఎక్కువున్న రకం ఉడకగానే విచ్చుకుంటుంది, మెదిపి తినడానికి అది బాగుంటుంది. ఆకుపచ్చగా మారినవీ, మొలకలు బాగా వచ్చినవీ తీసుకోకు. ఆ పచ్చ రంగు వల్ల నష్టం లేదు గానీ, సోలనిన్ అనే విషపదార్థం కూడా పెరిగి ఉంటుందని అది గుర్తు. ప్రెషర్ కుక్కర్ వేడికి కూడా అది పోదు. చిన్న మచ్చో, ఒకటి రెండు మొలకలో అయితే చుట్టూ లోతుగా కోసి తీసేయ్. దుంపంతా పచ్చబడితే, చేదుగా ఉంటే, పారేయ్.

ముక్కలు అంగుళంన్నర సైజులో, అన్నీ ఒకేలా కోయి. రెండోసారి నడుమ గట్టిగా ఉన్నాయన్నావే, అవి కచ్చితంగా పెద్ద ముక్కలే అయ్యుంటాయి. పక్కనున్న చిన్నవి మెత్తగానే ఉడికి ఉంటాయి, నువ్వు వాటిని పట్టించుకోలేదు. కోసిన వెంటనే నీళ్లలో వేస్తే నల్లబడవు, పైనున్న పిండి కూడా పోతుంది. ఆ సైజు ముక్కలకి హై ప్రెషర్ మీద 4 నిమిషాలు. ఇంకా చిన్నగా కోస్తే 3. చిట్టి దుంపలు తొక్కతో నిండుగా వేస్తే 6, 7. పిడికిలంత దుంప కోయకుండా వేస్తే 12 నుంచి 15.

టైమయ్యాక ఆవిరి ఎలా వదలాలన్నదీ ముక్కల్ని బట్టే. కోసిన ముక్కలైతే గడియారం ఆగిన మరుక్షణం వాల్వ్ తిప్పి ఆవిరి వదిలేయ్, లేకపోతే ఉడుకుతూనే ఉంటాయి. నిండు దుంపలైతే తొందరపడకు. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే దుంప లోపలి తడి అప్పటికప్పుడు మరిగి తొక్క పగిలిపోతుంది. పది నిమిషాలు దానంతటదే తగ్గనిచ్చి, మిగిలింది అప్పుడు వదులు. వాల్వ్ తిప్పేటప్పుడు చేతివేళ్లతో కాదు, పొడుగాటి చెంచా కాడతో తిప్పు. మొహం దాని మీదికి పెట్టకు. మూత మీద, ఒత్తిడి ఉన్నంతసేపు పైకి లేచి ఉండే చిన్న పిన్ను కిందికి దిగేదాకా మూతతో కుస్తీ పట్టకు.

ఇక్కడితో కుక్కర్ పని అయిపోయింది. మిగిలిందంతా నీ చేతిలోనే ఉంది, నువ్వు దాటేసిందీ ఇదే.

కారం, పసుపు, జీలకర్ర పొడి, వెల్లుల్లి అన్నీ నీళ్లలో కలిపేశానన్నావు. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, దుంపలోకి కాస్తో కూస్తో దిగుతుంది. కారంలోని మంట, పసుపులోని రంగు, జీలకర్ర వాసన నూనెలో బాగా కరుగుతాయి. నీళ్లలో వేస్తే సరిగా దిగక పచ్చివాసన మిగులుతుంది. ఆ నీళ్లేమో చివరికి సింకు పాలు. అంటే నీ మసాలా సగం నువ్వే పారబోశావు, చప్పగా ఉండక ఇంకేమవుతుంది? పైగా పొడులు అడుగున పేరుకుంటే కుక్కర్ "బర్న్" అని చూపించి ఆగిపోతుంది. మూత పెట్టే ముందు వేయదగ్గది ఒక్క ఉప్పే, అదీ ముక్కల మీద చల్లు. అరకిలో దుంపలకి మొత్తం 5 గ్రాములు, అంటే చిన్న చెంచాకి కాస్త తక్కువ. సగం ముందు, సగం తర్వాత.

మూత తీశాక బుట్ట బయటికి తీసి ముక్కల్ని వెడల్పు పళ్లెంలో పరిచేయ్. ఆవిరి పోనీ. అయిదు నిమిషాల్లో పైన తడి ఆరి, తెల్లగా పొడిపొడిగా కనిపిస్తాయి. దీనికి ఏ మీటా లేదు, నువ్వే ఆగాలి. తడి ఉన్నంతసేపు నూనె వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది, ముక్క ఎర్రబడదు. ఆరాక బుట్టలో వేసి రెండు మూడుసార్లు కుదుపు. అంచులు కాస్త గరుకుగా అవుతాయి. ఆ గరుకుకే నూనె పట్టి కరకరలాడుతుంది. మరీ గట్టిగా కుదిపితే మళ్లీ ముద్దే, చూసుకో.

ఈలోగా గిన్నెలో నీళ్లు పారబోసి, తుడిచి, సాటే అని ఉన్న మీట, అంటే మూత లేకుండా వేయించేది, నొక్కు. వేడెక్కినట్టు తెర మీద చూపించాక రెండు పెద్ద చెంచాల నూనె పొయ్యి. చాలా కుక్కర్ గిన్నెలకి అడుగు నడుమ కొద్దిగా ఉబ్బి ఉంటుంది, నూనె అంచులకి జారిపోతుంది. అందుకని ముక్కలన్నీ ఒకేసారి కుమ్మరించకు, సగం సగం వేయి. వేశాక కదపకుండా రెండు మూడు నిమిషాలు వదిలేయ్. మాటిమాటికీ తిప్పుతుంటే ఏ వైపూ ఎర్రబడదు. నన్నడిగితే, ఈ వేయించే పనికి వెడల్పు పెనం ఎప్పుడూ మేలు. మీ అమ్మ మాత్రం రెండో గిన్నె ఎవరు తోముతారంటుంది. ఆ తగువు మా ఇద్దరిదీ, నీకు ఏది వీలైతే అది చేయి.

ఎంత ఎర్రగా వేయించాలంటే, బంగారు రంగు వచ్చేదాకా. మాడు రంగు దాకా వద్దు. పిండిపదార్థాల్ని 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో వేయిస్తే అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందనీ, దాన్ని తగ్గించుకోవడమే మంచిదనీ 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టాక అందరూ జాగ్రత్త పడుతున్నారు. ఆవిరి మీద ఉడికేటప్పుడు ఈ గొడవ దాదాపు ఉండదు, వేయించేటప్పుడే. ముందే మెత్తగా ఉడికి ఉంది కాబట్టి నీకు పై రంగు ఒక్కటే కావాలి. ఎక్కువసేపు అక్కర్లేదు.

రంగు వచ్చాక ముక్కల్ని పక్కకి జరిపి, ఇంకో అర చెంచా నూనెలో జీలకర్ర వేయి. అది చిటపటలాడాక దంచిన వెల్లుల్లి. వెల్లుల్లి అంచులు రంగు తిరుగుతున్నాయనగానే కుక్కర్ ఆపేయ్. కారం, పసుపు, మిరియాల పొడి ఆ మిగిలిన వేడిలో వెయ్యాలి. కారప్పొడి కొన్ని సెకన్లలో మాడిపోతుంది, మాడిన కారం ఘాటుకి ఇల్లంతా దగ్గుతుంది. వెంటనే ముక్కలన్నీ కలిపి, మిగిలిన ఉప్పు వేసి, రెండు నిమిషాలు అలా వదిలేయ్. నీకు వాము ఇష్టమైతే వాము, ధనియాల పొడి ఇష్టమైతే అది. ఈ పద్ధతి దేనికైనా పనికొస్తుంది: గింజలు ముందు, వెల్లుల్లి తర్వాత, పొడులు ఆఖర్న. పచ్చి ఆకులు ఏవైనా వడ్డించే ముందు.

నిమ్మరసం కూడా చివర్నే. పులుపు తగిలితే దుంప కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్ త్వరగా కరగదు, ముక్క మెత్తబడనని మొండికేస్తుంది. పుల్లటిది ఏదైనా మూత తీశాకే.

ఆఫీసు నుంచి వచ్చి ఇంత తతంగమా అని నువ్వు మూతి ముడుస్తావని తెలుసు. అందుకో దారి ఉంది. ముందురోజు రాత్రే ఉడికించి, ఆరబెట్టి, మూతున్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పడేయ్. రెండు గంటలు దాటి బయట మాత్రం ఉంచకు. చల్లబడ్డ దుంపలో పిండి గట్టిపడుతుంది, మర్నాడు వేయిస్తే ముక్క చితకకుండా ఇంకా బాగా రంగొస్తుంది. వేయించడానికి పావుగంట చాలు. పచ్చి దుంపల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకు. ఆ చలికి పిండి చక్కెరగా మారి తియ్యగా తయారవుతాయి, నూనెలో వేయగానే లోపల కాకముందే పైన నల్లబడతాయి. వాటికి గాలి తగిలే చీకటి మూల కావాలి.

మూతలో ఉన్న రబ్బరు రింగుని ప్రతిసారీ ఊడదీసి కడుగు. వెల్లుల్లి వాసన పట్టిందంటే ఓ పట్టాన వదలదు, మర్నాడు పాయసం వండినా అదే వాసన. సరిగ్గా కూర్చోకపోతే ఆవిరి పక్కల నుంచి పోతుంది, ఒత్తిడి ఎక్కదు. సాగినా, పగుళ్లు కనిపించినా కొత్తది వేయి. ఇంకోటి, ఆ కుక్కర్లో నూనె నింపి, మూత పెట్టి ఏదీ వేయించే ప్రయత్నం చేయకు. అది దానికోసం చేసింది కాదు, చాలా ప్రమాదం.

ఈ ఆదివారం అరకిలోతో చేసి చూడు. ముక్క ఎంత సైజుకి కోశావో, ఎన్ని నిమిషాలు పెట్టావో ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించి రాసిపెట్టు. నువ్వు కొనే రకానికి 4 నిమిషాలు ఎక్కువనిపిస్తే ఈసారి 3 పెట్టు. గట్టిగా ఉంటే ఒక నిమిషం మళ్లీ మూత పెట్టుకోవచ్చు. మెత్తబడ్డదాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు, అలా అయినరోజు మెదిపి, అదే పోపు పెట్టి, ముందే అలా అనుకున్నట్టు తినేసెయ్.

నాన్న