పాత గుడి పరిరక్షణ సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు పేరట వందనాలు.

ఈ ఏడాది మన సంఘం చేసిన పెద్ద పని గుడి (చర్చి) గోడలకున్న సిమెంటు పూత పెరికించడం. మిగతా పనులన్నీ దాని వెనకాల వచ్చినవే.

ఏటా క్రిస్మస్‌కు రంగు వేయిస్తాం, ఈస్టర్ నాటికి నడుమెత్తు వరకు పొలుసులు రాలి కింద పడుతుంది. రంగు మంచిది కాదని కొందరు, పనివాళ్లు మోసం చేశారని కొందరు అన్నారు. అసలు సంగతి గోడలో ఉంది. నాపరాయిని సున్నంతో పేర్చి కట్టిన గోడ అది. నేలలోని తేమ రాళ్ల సందుల్లోంచి పైకి ఎక్కుతుంది. సున్నపు పూత ఉన్నంతకాలం ఆ తేమ బయటికి ఆరిపోయేది. పైన సిమెంటు పూసేసరికి దానికి దారి లేకుండా పోయింది. మనది చౌడు నేల కాబట్టి తేమతోపాటు ఉప్పు కూడా ఎక్కి, పూత వెనకాల గడ్డకట్టి దాన్ని బయటికి తోసేస్తోంది. పెరికినచోట వేలితో గీరితే తెల్లగా రాలింది, సభ్యులు చాలామంది చూశారు.

కొత్త పూతకు గానుగ సున్నమే వాడాం. తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టమైంది. చివరికి జమ్మలమడుగు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గుడి వెనక గుంట తీయించి సున్నాన్ని వారాల తరబడి నానబెట్టించారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపమన్నారు. బెల్లానికి చీమలు పట్టి యూత్ పిల్లలు నానా తంటాలు పడ్డారు. ఎందుకు ఆలస్యం అని అడిగిన ప్రతివాళ్లకూ ఆయన ఒకటే జవాబు చెప్పారు, సున్నం తడి మీదే గట్టిపడాలని. ఇంతకీ ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో సిమెంటు చేసేది కూడా మన సున్నపురాయితోనే. ఉత్త రాయిని కాలిస్తే సున్నం, బంకమన్ను కలిపి ఇంకా ఎక్కువ వేడిలో కాలిస్తే సిమెంటు. రాయి ఒకటే అయినా పాత గోడకు రెండూ ఒకటి కావు.

పని జరుగుతున్నప్పుడు చాలామంది ఈ గుడి చరిత్ర అడిగారు. అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంగ్లండు నుంచి వచ్చిన లండన్ మిషన్ వాళ్లు 1810లో బళ్లారిలో, 1822లో కడపలో పని మొదలుపెట్టారు. తర్వాత గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం దాకా వచ్చారు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వాళ్లదే. మన ఊళ్లో మొదట ఉన్నది బోదగడ్డి కప్పిన కొట్టం. ధాత కరువు, అంటే 1876–78 నాటి కరువు, దాటాక రాతి గుడి లేచిందని పెద్దల మాట. పగలు బడి, ఆదివారం ఆరాధన, రెండూ అందులోనే. గోడల్లోని గూళ్లు దీపాలకే కాదు, పలకలు పెట్టుకోవడానికి కూడా. ఉపదేశకుడే పంతులు.

గుడి లోపల ఒకసారి నిలబడి చూడండి. తూర్పున వేరుగా గది లేదు, ఎత్తైన బలిపీఠం లేదు. ఎదురు గోడకు నట్టనడుమ ప్రసంగ పీఠం, దాని ముందు ప్రభు బల్ల. ఆరాధనకు వాక్యమే నడుమ ఉండాలన్న లండన్ మిషన్ వాళ్ల కాంగ్రిగేషనల్ పద్ధతి అది. బాప్తిస్మానికి మనకు ఇత్తడి గిన్నె చాలు.

నంద్యాల వైపు పోయిన మన యాత్రలో ఈ తేడా బాగా తెలిసింది. అటు ముత్యాలపాడు, ఇటు కలసపాడు ఎస్‌పీజీ అనే మరో ఇంగ్లండు మిషన్ నడిపిన ఊళ్లు. వాళ్లది ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు రాజ్య చర్చి పద్ధతి: తూర్పున బలిపీఠం, వాకిలి దగ్గర రాతి బాప్తిస్మపు తొట్టి. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులది ముంచి ఇచ్చే బాప్తిస్మం కాబట్టి వాళ్లకు నీళ్ల తొట్టి కావాలి. లోపలికి అడుగుపెడితే చాలు, ఏ మిషన్ వాళ్లు కట్టించారో పోల్చుకోవచ్చు.

వాకిలి మీది రాతిపలకలో లండన్ మిషన్ అని, బయట బోర్డు మీద సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అని ఎందుకుందని పిల్లలు అడుగుతున్నారు. 1908లో మన లండన్ మిషన్ సంఘాలు దక్షిణ ఇండియా ఐక్య సంఘంలో చేరాయి. 1947 సెప్టెంబరు 27న ఆ సంఘం, ఆంగ్లికన్లు, మెథడిస్టులు కలిసి సీఎస్ఐ అయ్యారు. నంద్యాల వైపు వాళ్లు అప్పుడు చేరలేదు. 1970లలో గానీ కలవలేదు.

కిటికీలకు మొన తేలిన కమానులు దొరల ఊరివి. పైకప్పు మాత్రం అచ్చంగా మన మిద్దె: దూలాలు, వాటి మీద బండలు, ఆ పైన చౌడు మట్టి. గోడను తినే చౌడే మిద్దెను కాపాడుతుంది. తడిస్తే ఉబ్బి, సందులు మూసుకొని నీళ్లు దిగనివ్వదు. ఒకప్పుడు ఏటా వానలకు ముందు కొత్త చౌడు తోలించేవాళ్లు. అది ఆగాకే దూలాలు నానడం మొదలైంది.

గుడి పడగొట్టి స్లాబు వేసి పెద్ద గోపురం కట్టాలన్న మాట ఈ ఏడాదీ వచ్చింది. క్రిస్మస్‌కు జనం పట్టడం లేదన్నది నిజమే. అయితే పక్కనే ఖాళీ స్థలం ఉండగా దీన్ని పడగొట్టాల్సిన పని లేదని కమిటీలో ఎక్కువమంది అభిప్రాయం, నాదీ అదే. కొత్త హాలు అక్కడ కట్టుకుందాం. ఆస్తి సీఎస్ఐ ట్రస్టు అసోసియేషన్ పేరున ఉంది కాబట్టి కట్టాలన్నా, కొట్టాలన్నా డయాసిస్ (బిషప్ గారి పరిపాలన) అనుమతి కావాలి. హాలు కోసం ఉత్తరం పంపాం, జవాబు రావాలి.

పాత బాప్తిస్మపు రిజిస్టర్లను ఫోన్లతో ఫొటోలు తీసి పెట్టాం. చెదలు తిన్న పేజీలు కొన్ని చదవడానికి రాలేదు. జమాఖర్చులు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

వచ్చే ఏడాది మిద్దె పని. రోహిణి కార్తె దాటకముందే చౌడు తోలించాలి, నానిన దూలాలు రెండు మార్చాలి. గంట వేలాడే ఇనుప చట్రం తుప్పు పట్టింది, అది బాగయ్యేవరకు గంట తాడు పిల్లల చేతికి ఇవ్వకండి. ట్రాక్టరు ఉన్న సభ్యులు పేర్లు ఇస్తే బాడుగ ఖర్చు తగ్గుతుంది.

ఇట్లు,
కార్యదర్శి