బర్డ్‌కి బుర్ర, మిగతావాళ్లకి కాళ్లూనా?

ఒరేయ్ ప్రసాదూ,

జవాబు ఇంత ఆలస్యం చేశానని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు, కానీ మొత్తం చదివాక తిట్టు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పిల్ల బడి బాగానే ఉంది, ఆఫీసులో ఎప్పటి గోలే. క్షేమ సమాచారాలు ఇంతటితో సరి. ఇప్పుడు అసలు సంగతి. మా ఆవిడకి చెప్పబోతే "మళ్లీ బాస్కెట్‌బాలేనా" అని లేచి వెళ్లిపోయింది.

మొన్న శనివారం రమణ బావ ఇంటి బేస్‌మెంట్‌లో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ చూశాం, మా బోస్టన్ సెల్టిక్స్‌కీ డెన్వర్‌కీ. డెన్వర్ తెల్ల ఆటగాడు యోకిచ్ ఎటో చూస్తూ ఇంకెటో పాస్ ఇచ్చాడు. "అబ్బ, ఏం బుర్రరా!" అన్నాడు బావ. నిజమే, కాదనను. కాసేపటికి మన సెల్టిక్స్ నల్ల ఆటగాడు జేలెన్ బ్రౌన్ ఇద్దర్ని తప్పించుకుని వెళ్లి, ఎగిరి బంతిని బుట్టలో కుక్కి డంక్ కొట్టాడు. "వీళ్లకి ఇది పుట్టుకతో వస్తుందిరా" అన్నాడు. బజ్జీ నా గొంతులోనే ఆగిపోయింది. ఆ బ్రౌన్ బర్కిలీ యూనివర్సిటీలో చదువుకున్నాడు, చదరంగం ఆడతాడు. 2016 డ్రాఫ్ట్ (టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) అప్పుడు ఒక టీమ్ పెద్దమనిషి పేరు చెప్పకుండా అతని గురించి ఏమన్నాడో తెలుసా? ఈ లీగ్‌కి వీడు మరీ తెలివైనవాడేమో అని! తెల్లవాడికైతే తెలివి గొప్ప, నల్లవాడికైతే అనుమానం. ఆ మాటలో జాతి వివక్ష వాసన ఉందని తర్వాత బ్రౌనే అన్నాడు.

నేను ఊరుకోలేదు, నీకు తెలుసుగా. (కాకినాడ గ్రౌండులో కొబ్బరికాయ గొడవ గుర్తొచ్చి నవ్వకు, అది వేరు.) బావ ఆఫీసు పెద్దాయన ఒకాయన వచ్చాడు, బోస్టన్‌లోనే పుట్టి పెరిగినవాడు, తెల్లాయన. ఆయన వెంటనే సెల్టిక్స్ పాత స్టార్, తెల్లవాడు లారీ బర్డ్‌ని తెచ్చాడు. బర్డ్ ఎగరలేడట, పరిగెత్తలేడట, అంతా కష్టమూ ఆలోచనేనట. మరి లేకర్స్ నల్ల స్టార్ మ్యాజిక్ జాన్సన్ ఆ పాసులన్నీ మోకాళ్లతో ఆలోచించి ఇచ్చాడా అని అడిగాను. నవ్వాడు, మంచివాడే.

అప్పుడు 1987 ఎత్తాను. ఈస్ట్ ఫైనల్స్ ఐదో మ్యాచ్ నీకు గుర్తే, డెట్రాయిట్ నల్ల స్టార్ ఐసయా థామస్ లోపలికి వేసిన బంతిని బర్డ్ కొట్టేసి తనవాడు డెనిస్ జాన్సన్‌కి ఇచ్చాడే, సెల్టిక్స్ 108-107తో గెలిచింది. ఆ సిరీస్ ఓడిపోయాక డెట్రాయిట్ కొత్త కుర్రాడు రాడ్‌మన్, బర్డ్ తెల్లవాడు కాబట్టే అంత పేరు అన్నాడు. ఐసయా వంతపాడాడు, బర్డ్ నల్లవాడైతే నలుగురిలో ఒకడయ్యేవాడని. ఇక దేశమంతా మీద పడింది. ఐసయా బర్డ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని విలేకరులకి సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. వరసగా మూడేళ్లు ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు) అయినవాణ్ణి పట్టుకుని నలుగురిలో ఒకడంటే ఎవరొప్పుకుంటారు? ఆ మాట తప్పే. కానీ తర్వాత ఐసయా ఇచ్చిన వివరణ ఎవరూ వినలేదురా. బర్డ్ బాగా ఆడితే ఆలోచన, సాధన అంటారు, మేం ఆడితే ఎప్పుడూ ప్రాక్టీసే చేయనట్టు పరుగులూ గెంతులూ అంటారు అన్నాడు. బావ ఐదు నిమిషాల ముందు అన్నది అదే కదా! పెద్దాయన మాత్రం "ఓడినవాడి ఏడుపు" అని కొట్టిపారేశాడు.

సరే, జెరెమీ లిన్ సంగతేమిటన్నాను. తైవాన్ తల్లిదండ్రుల బిడ్డ, హార్వర్డ్ కుర్రాడు, 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, హ్యూస్టన్ వాళ్లూ వదిలేశారు. మరుసటి ఏడాది ఆ హ్యూస్టన్ వాళ్లే కొలిస్తే మొదటి రెండడుగుల వేగంలో వాళ్లు కొలిచిన అందరికంటే ముందున్నాడు. కానీ అతనిలో చురుకు లేదనే అందరూ అనుకున్నారు. దానికి ఆసియావాడు కావడం తప్ప వేరే కారణం తోచడం లేదని వాళ్ల జనరల్ మేనేజర్ డారిల్ మోరీయే ఒప్పుకున్నాడు. ఆ వేగం కళ్లముందే ఉన్నా కళ్లు నమ్మలేదు! 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్ తరఫున లేకర్స్ మీద 38 పాయింట్లు కొట్టేదాకా అంతే.

అప్పుడు బావ కొడుకు, పదో తరగతి వాడు, మెల్లిగా "మా కోచ్ నాకు స్కోరు షీటే ఇస్తాడు మామయ్యా, లెక్కలు బాగా చేస్తానని" అన్నాడు. వాడు మా అందరికంటే బాగా ఆడతాడ్రా. బావ వాణ్ణి చూసి టీవీ సౌండ్ పెంచాడు. తర్వాత నాతో మాట్లాడలేదు, వెళ్లేటప్పుడు బిర్యానీ డబ్బా మాత్రం చేతిలో పెట్టాడు.

సెల్టిక్స్ పాత దిగ్గజం, నల్లవాడు బిల్ రసెల్ సంగతి నేను అక్కడ ఎత్తనే లేదు. ఎత్తితే పెద్దాయన మొహం చూడలేను. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిపించినవాడు! షాట్ ఆపితే బంతిని జనంలోకి బాదడు, తనవాళ్ల చేతికొచ్చేలా తడతాడు. అది గెంతా, బుర్రా, నువ్వే చెప్పు. అలాంటివాడి ఇంట్లో, మా పక్క ఊరు రీడింగ్‌లోనే, దొంగతనంగా దూరి గోడల మీద బూతులు రాసి, పరుపు మీద... వద్దులే. 1972లో అతని జెర్సీని గౌరవంగా స్టేడియం కప్పుకి ఎత్తేటప్పుడు కూడా జనాన్ని రానివ్వొద్దన్నాడు. 2013లో బోస్టన్ సిటీ హాల్ దగ్గర అతని విగ్రహం పెట్టారు. పెట్టారనుకో, కానీ నాకేమనిపిస్తుందంటే

ఉండు, పిల్ల ఈత క్లాసుకి టైమైంది, కింద హారన్ మోగిస్తున్నారు. నీ ట్రాన్స్‌ఫర్ ఏమైందో రాయి.

నీ
శీను