పరాయి సైన్యాలకు మన కుర్రాళ్లను అమ్మే ఏజెంట్లను పట్టుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

సోంపేట, కంచిలి వైపు పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు ఈమధ్య నన్ను ఆపి మరీ అడుగుతున్నారు, "సార్, ఫ్రాన్స్ ఆర్మీలో బయటి దేశాలోళ్లని తీసుకుంతారంట గదా, రష్యాలో అయితే నెలకి రెండు లక్షలంట గదా, ఎళ్లిపోమంటారా?" అని. నేను ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరైనవాణ్ణి. వాళ్లకు చెప్పిందే వాళ్ల అమ్మానాన్నలకూ తెలియాలని మీ పత్రికకు రాస్తున్నాను.

వేరే దేశం మనిషిని సైన్యంలో చేర్చుకోవడమే తప్పని నేను అనను. మన సైన్యంలోనే నేపాల్ పౌరులున్నారు, వాళ్లతో కలిసి డ్యూటీ చేశాను, ఒకే లంగర్‌లో తిన్నాను, అంత నమ్మకస్తులైన సైనికులు అరుదు. 1947లో భారత్, నేపాల్, బ్రిటన్ మూడూ రాసుకున్న ఒప్పందం ప్రకారం వాళ్లు చేరుతూ వచ్చారు. రిటైరయ్యాక కూడా నేపాల్‌లోని పోఖరా, ధరాన్‌లలో మనవాళ్లు పెట్టిన ఆఫీసుల నుంచి పింఛను అందుతుంది. 2022లో అగ్నిపథ్ వచ్చి నాలుగేళ్ల కొలువు అనేసరికి, ఇది ఒప్పందంలో లేదు కదా అని నేపాల్ ప్రభుత్వం భర్తీని ఆపేసింది. ఆ నిర్ణయం మనకు నచ్చినా నచ్చకపోయినా, తన పిల్లల తరఫున అడగడానికి ఒక ప్రభుత్వం ఉంది. అదే బ్రిటన్ సైన్యంలో చేసిన నేపాలీ గూర్ఖా సైనికుల్లో 1997కి ముందు రిటైరైనవాళ్లు ఆ దేశంలో ఉండే హక్కు కోసం 2009 దాకా కొట్లాడాల్సి వచ్చింది. కాగితం మీద సంతకాలున్నచోటే ఇన్ని తిప్పలుంటే, ఏ ఒప్పందమూ లేకుండా ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి విమానం ఎక్కినవాడి తరఫున ఎవరు మాట్లాడతారు?

ఫ్రాన్స్ సంగతి చెబుతాను. విదేశీయుల కోసమే 1831లో పెట్టిన దళం అది, ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్ అంటారు, నియమాలన్నీ బహిరంగమే. మొదటి కాంట్రాక్టు ఐదేళ్లు, మూడేళ్ల సర్వీసు అయ్యాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ఎంపిక జరిగేది ఫ్రాన్స్‌లోనే, ఎవరికి వారే వెళ్లాలి, ఫీజు అంటూ ఏమీ లేదు. కాబట్టి పలాసలోనో ఇచ్ఛాపురంలోనో ఎవడైనా మూడు లక్షలిస్తే అందులో చేర్పిస్తానంటే వాడు నూటికి నూరుపాళ్లూ మోసగాడే. అమెరికా సైన్యంలో చేరాలంటే పౌరులు కానివాళ్లకు గ్రీన్ కార్డు ఉండాలి, వీసా మీద ఉన్న కొందరిని తీసుకున్న పథకం 2016లోనే ఆగిపోయింది.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది రష్యా. అక్కడికి వెళ్లిన మనవాళ్లలో చాలామంది సైనికులుగా వెళ్లలేదు. హెల్పర్ పని, సెక్యూరిటీ పని, యుద్ధం జరిగేచోటికి పంపరు అని యూట్యూబ్ వీడియోల్లో చెప్పారు, దిగాక రష్యన్‌లో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించారు, కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఉక్రెయిన్ యుద్ధానికి తోలేశారు. హైదరాబాద్ కుర్రాడు ఒకరు అలాగే ప్రాణం పోగొట్టుకున్నారని 2024 మార్చిలో మన రాయబార కార్యాలయమే చెప్పింది. ఆ నెలలోనే సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టి సోదాలు చేసింది, జూలైలో ప్రధానమంత్రి మాస్కో వెళ్లినప్పుడు పుతిన్‌తో ఈ విషయం మాట్లాడారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం 126 మంది భారతీయులు చిక్కుకుంటే 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది జాడే లేదు. ఆ తర్వాత కూడా కొత్తగా వెళ్లినవాళ్లు ఉన్నారు! ఏడాది కాంట్రాక్టే కదా, ఎలాగోలా గడిపి వచ్చేద్దాం అనుకునేవాళ్లు ఇంకొకటి తెలుసుకోండి. 2022 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో అక్కడ గడువు అయిపోయినా సైనికుణ్ణి వదలకుండా ఉంచుకోవచ్చు.

మన పిల్లలకు బుద్ధి లేక పోతున్నారని ఎవరూ అనొద్దు. 2018లో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాక ఎన్ని ఇళ్లు మళ్లీ లేవలేకపోయాయో మాకు తెలుసు. వెల్డింగో ఫిట్టర్ పనో నేర్చుకుని గల్ఫ్ పోవడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. వయసు పరిమితి దాటితే అగ్నివీర్ ఆశ కూడా అయిపోయినట్టే, నాలుగేళ్లు పరిగెత్తి పరిగెత్తి చివరికి ఇంట్లో కూర్చున్నవాడి దగ్గరికి ఏజెంటు వస్తాడు. ఆ వచ్చేవాడు ఎక్కడివాడో కాదు, మన ఊరోడే, ఒక్కోసారి వరసకు బావో మావయ్యో అవుతాడు. పైనున్న అసలు ఏజెంటు ఢిల్లీలోనో దుబాయ్‌లోనో ఉంటాడు, వాడి పేరు కూడా మనకు తెలియదు. మోసం బయటపడ్డాక కూడా స్టేషన్‌కు వెళ్లడానికి తల్లిదండ్రులు వెనకాడేది ఇందుకే, చుట్టరికం చెడుతుందని, పుస్తెలతాడు తాకట్టు పెట్టిన సంగతి ఊరందరికీ తెలిసిపోతుందని. అధికారులు దీన్ని అర్థం చేసుకోవాలి, ఫిర్యాదు వస్తే చూస్తాం అంటే ఫిర్యాదు రాదు.

1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు లైసెన్సు ఉండాలి, అభ్యర్థి దగ్గర 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. మా ఊళ్లలో లక్షలు చేతులు మారుతున్నాయి. కలెక్టర్ గారూ, ఎస్పీ గారూ ప్రతి మండలంలో లైసెన్సున్నవాళ్ల పేర్లు సచివాలయం గోడ మీద అంటించండి, లేనివాళ్ల మీద మీరే కేసు పెట్టండి. ఇచ్ఛాపురంలో, పలాసలో ఒక్కో కౌంటర్ తెరిచి, వెళ్లబోయే కుర్రాడి కాంట్రాక్టును తెలుగులో చదివి వినిపించే మనిషిని కూర్చోబెట్టండి. మీ పత్రిక కూడా లైసెన్సు నంబరు లేని విదేశీ ఉద్యోగాల ప్రకటనలు తీసుకోవద్దని నా మనవి.

ఇప్పటికే పిల్లలు వెళ్లిపోయిన ఇళ్లవాళ్లు దయచేసి ఆగకండి. పాస్‌పోర్టు నకలు, ఏజెంటుకు డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచి పోలీసులకు ఇవ్వండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చేయించండి. రాయడం రాకపోతే నా దగ్గరికి రండి, నేను రాసిపెడతాను.

ఒక మాజీ హవల్దారు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా